పరిశోధన ఫలితం జనానికి చెప్పేటప్పుడు నమ్మకం ఏ మెట్టు దగ్గర జారుతుంది?

తేటనీరు (చర్చ మొదలుపెట్టినవారు)

"జనం సైన్సును ఎందుకు నమ్మడం లేదు?" అని మొదలయ్యే చర్చలు చివరికి జనాన్ని తప్పుపట్టడం దగ్గర తేలతాయి. ఈ థ్రెడ్‌లో అది వద్దండి. 2025లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో 68 దేశాల సర్వే ఒకటి వచ్చింది, దాదాపు 72 వేల మందిని అడిగారు. శాస్త్రవేత్తలకు తగిన అర్హత ఉందని 78 శాతం మంది ఒప్పుకున్నారు. నిజాయతీగా ఉంటారని అన్నవారు 57 శాతం. ఎదుటివాళ్ళ అభిప్రాయాన్ని పట్టించుకుంటారని అన్నవారు 42 శాతమే. అంటే వాళ్ళ చదువు మీద పెద్దగా అనుమానం లేదు. దాచకుండా చెబుతారా, చెప్పింది వింటారా అన్న దగ్గరే గండి పడుతోంది.

కాబట్టి ప్రశ్నను చిన్నది చేస్తున్నాను. పరిశోధన మొదలైన రోజు నుంచి పేపరు (పరిశోధనా పత్రం), పత్రికా ప్రకటన, జనం ప్రశ్నలు, తర్వాత ఎప్పుడో తేలే తప్పు, దాని సవరణ వరకు ఒక గొలుసు ఉంది. ఇందులో ఏ లంకె దగ్గర తెగుతుంది, తెగకుండా ఉండాలంటే ఏం చేయాలి? రోజూ ఈ పనిలో ఉన్నవాళ్ళు పద్ధతులతో సహా చెప్పండి.

వాడుకమాట

ముందు పత్రికా ప్రకటన గురించి, ఎందుకంటే నింద విలేకరుల మీద వేసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశీలన చూడండి. 2011లో 20 బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు విడుదల చేసిన 462 ప్రకటనలను వాటి మూల పేపర్లతో పక్కపక్కన పెట్టి చదివారు. 40 శాతం ప్రకటనల్లో పేపరు ఇవ్వని సలహా ఉంది. 33 శాతంలో "సంబంధం ఉంది" అన్నది "దీనివల్లే" అయింది. 36 శాతంలో జంతువుల ఫలితాన్ని మనుషులకు అంటగట్టారు. ప్రకటన అతిశయిస్తే వార్త కూడా అతిశయించింది: కార్యకారణం విషయంలో 81 శాతం వార్తలు అదే తప్పు చేశాయి. ప్రకటన సరిగా ఉన్నచోట ఆ తప్పు 18 శాతమే. ఇంకొక సంగతి, అతిశయించినందుకు ప్రకటనకు ఎక్కువ వార్తలు వచ్చిన దాఖలా కనబడలేదు.

అంటే మసిపూసి మారేడుకాయ చేసేది చాలాసార్లు ప్రకటనలు రాసే మన గుమ్మంలోనే. విడుదలకు ముందు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ప్రకటనలోని ప్రతి క్రియాపదం కింద గీత గీయండి. "తగ్గిస్తుంది", "నివారిస్తుంది", "కారణమవుతుంది" అని ఉన్నచోట పేపర్లో యాదృచ్ఛిక కేటాయింపుతో (ఎవరు ఏ గుంపులోకి అన్నది చీటీ తీసినట్టు తేల్చి) ప్రయోగం జరిగిందా, పరిశీలన మాత్రమేనా చూడండి. పరిశీలన అయితే "ఉన్నవారిలో ఎక్కువగా కనిపించింది" దగ్గర ఆగాలి. ఎలుకల మీద చేస్తే ఆ మాట శీర్షికలోనే ఉండాలి, ఐదో పేరాలో కాదు. ఆఖరి ముసాయిదాను పేపరు మొదటి రచయిత చదివి, ప్రతి వాక్యానికీ పేపర్లోని పేజీ నంబరు పక్కన వేయాలి. నంబరు దొరకని వాక్యం తీసేయాలి.

లెక్కలపుస్తకం

క్రియాపదాల తర్వాత శాతాలు. అసలు చిక్కు ఇక్కడే.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతా కమిటీ ఒక హెచ్చరిక ఇచ్చింది: మూడో తరం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని. మాట అబద్ధం కాదు. కానీ రెట్టింపు అంటే దేనికి? పాత మాత్రలు వాడే సుమారు 7,000 మందిలో ఒకరికి వచ్చేది, కొత్తవాటితో ఇద్దరికి. ఈ రెండో వాక్యం లేకుండా మొదటిది వెళ్ళింది. చాలామంది భయపడి మాత్రలే మానేశారు. తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో గర్భస్రావాలు సుమారు 13 వేలు అదనంగా జరిగాయని అంచనా. గర్భం వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల ముప్పు కంటే ఎక్కువ.

ఇప్పుడు ఒక ఊహాజనిత లెక్కతో చూపిస్తాను. "ఈ మాత్ర గుండెపోటు ముప్పును 50 శాతం తగ్గిస్తుంది, అరుదుగా కడుపులో రక్తస్రావం జరగవచ్చు" అని ముసాయిదా వచ్చిందనుకోండి. ట్రయల్ (మందును మనుషుల మీద పరీక్షించే ప్రయోగం) పట్టిక తెరవండి. ఐదేళ్ళలో మాత్ర లేని 1,000 మందిలో 20 గుండెపోట్లు, మాత్ర వేసుకున్న 1,000 మందిలో 10. రక్తస్రావం మాత్ర లేనివారిలో 2, ఉన్నవారిలో 7. అప్పుడు రాయాల్సింది ఇది:

"1,000 మంది ఐదేళ్ళు ఈ మాత్ర వేసుకుంటే 10 మందికి గుండెపోటు తప్పుతుంది. అదనంగా 5 మందికి కడుపులో రక్తస్రావం అవుతుంది. మిగతా 985 మందికి ఈ రెండు విషయాల్లో తేడా ఉండదు."

(ఒకే మనిషికి రెండూ జరగవని అనుకుని వేసిన స్థూల లెక్క అది. ఆ సంగతి పట్టిక కింద చెప్పాలి.)

ఇందులో మూడు జాగ్రత్తలు ఉన్నాయి. మేలుకీ కీడుకీ ఒకే హారం, 1,000. మేలు శాతాల్లో, కీడు "అరుదుగా" అనే మాటలో చెబితే తూకం వంగిపోతుంది. ఒకచోట 100లో ఒకరు, మరోచోట 250లో ఒకరు అన్నా తప్పే, చాలామంది పెద్ద హారాన్ని పెద్ద ముప్పుగా చదువుతారు. మూడోది కాలం. ఐదేళ్ళా, జీవితకాలమా అన్నది లేని ముప్పు అంకెకు అర్థం లేదు.

ఇంకొకటి, "ఎలాంటి తీవ్ర దుష్ప్రభావాలూ లేవు" అనే వాక్యం. దీన్ని ఎప్పుడూ రాయకండి. 3,000 మంది ట్రయల్‌లో ఒక్కటీ కనిపించకపోతే, 3ను 3,000తో భాగించండి: 1,000లో ఒకటి. అసలు రేటు సున్నా నుంచి అంతవరకు ఎక్కడైనా ఉండొచ్చు, 95 శాతం విశ్వాస స్థాయిలో. లక్షలో ఒకరికి వచ్చే దుష్ప్రభావం ఆ ట్రయల్ కంటికి ఆనదు. రేపు పది లక్షల మందికి ఇచ్చాక పది మందిలో అది బయటపడుతుంది. అప్పుడు "లేవన్నారు కదా" అని జనం నిలదీస్తే తప్పు జనానిదా? "3,000 మందిలో కనిపించలేదు. వెయ్యిలో ఒకటి కంటే అరుదైనవి ఉన్నాయో లేవో వాడకంలోకి వచ్చాకే తెలుస్తుంది, అందుకు ఫలానా నిఘా ఉంది" అని మొదటి రోజే రాసి ఉంటే, ఆ పది కేసులు నిఘా పనిచేసిందనడానికి రుజువయ్యేవి.

సందేహం_ఉంది

లెక్కలపుస్తకం గారూ, కాగితం మీద ఇదంతా బాగుంది. కానీ ఇన్ని "తెలియదు"లు పెడితే వినేవాడు "వాళ్ళకే తెలియదట" అని లేచిపోడా? అటువైపు పుకారు చెప్పేవాడు నూటికి నూరుపాళ్ళు ఖాయంగా మాట్లాడతాడు. అనిశ్చితిని ఒప్పుకుంటే పోటీలో ముందే ఓడిపోయినట్టు కాదా?

వాడుకమాట

ఆ భయం సబబే, అయితే దాన్ని కొలిచి చూశారు. 2020లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో కేంబ్రిడ్జి పరిశోధకుల ప్రయోగాలు వచ్చాయి. ఒకే వాస్తవాన్ని కొందరికి ఒక్క అంకెగా, కొందరికి అంకెల వ్యాప్తితో (ఇంత నుంచి ఇంత వరకు అని), కొందరికి "కాస్త అటూ ఇటూ ఉండొచ్చు" తరహా మాటలతో చూపించారు. అంకెల వ్యాప్తి ఇచ్చినప్పుడు నమ్మకం తగ్గింది చాలా కొద్దిగా. మాటలతో నీళ్ళు నమిలినప్పుడు అంతకంటే ఎక్కువ తగ్గింది. కాబట్టి నమ్మకాన్ని ఎక్కువగా తినేది అనిశ్చితి కాదు, దాన్ని చెప్పే తీరు.

మాటల్లో ఇంకో చిక్కుంది. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ నివేదికల్లో "వెరీ లైక్లీ" (జరిగే అవకాశం చాలా ఎక్కువ) అంటే 90 శాతానికి పైన అని నిర్వచనం ఉంది. నిర్వచనం చదవని పాఠకులు ఆ మాటను అంతకంటే బాగా తక్కువగా అంచనా కట్టారని పరిశోధనల్లో తేలింది. అందుకే మాట రాసిన ప్రతిచోటా పక్కనే అంకె రాయాలి, అనుబంధంలో ఒకసారి రాసి వదిలేయకూడదు.

పోటీలో ఓడిపోవడం గురించి. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదు అని, "వాస్తవం" అనే ముద్ర వేసి మరీ సామాజిక మాధ్యమాల్లో పెట్టింది. అప్పటికి ఆధారాలు తేలలేదు. తర్వాత ఆ మాట నుంచి మెట్టు మెట్టుగా దిగి రావాల్సి వచ్చింది. అనిశ్చితిని చెప్పినందుకు పడిన దెబ్బ కాదది, లేని ఖాయాన్ని చూపినందుకు పడింది.

తొలిదశ సమాచారానికి పనికొచ్చే వాక్యక్రమం ఇది: ఈరోజుకు తెలిసింది ఏమిటి, తెలియనిది ఏమిటి, అది తేల్చడానికి ఏ పని జరుగుతోంది, మళ్ళీ ఎప్పుడు చెబుతాం, ఈలోగా ఏం చేయాలి. ఆఖరిది మరిస్తే మిగతా నాలుగూ దండగ. తారీఖు ఇచ్చాక ఆ రోజు కొత్త విషయం లేకపోయినా "కొత్తది లేదు" అని చెప్పడానికైనా రావాలి.

మట్టివాసన

నాకు అడ్డుపడాలని ఉంది. ఇప్పటివరకు అందరూ "ఎలా చెప్పాలి" అనే మాట్లాడారు. తేటనీరు గారు ఇచ్చిన 42 శాతం వినడం గురించి.

1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత వానలతో పాటు రేడియోధార్మిక సీజియం ఉత్తర ఇంగ్లండ్‌లోని కంబ్రియా కొండల మీద పడింది. జూన్ 20న అక్కడి గొర్రెల తరలింపు, వధ మీద నిషేధం పెట్టారు, మూడు వారాలే అన్నారు. ఆ మూడు వారాల వెనక ఉన్న అంచనా నమూనా బంకమట్టి నేలల్లో చేసిన కొలతల మీద కట్టింది. బంకమట్టి సీజియాన్ని పట్టేసుకుంటుంది, గడ్డికి మళ్ళీ అందదు. కంబ్రియా కొండలది పీట్ నేల (సగం కుళ్ళిన మొక్కలతో ఏర్పడేది), ఆమ్ల గుణం. అక్కడ సీజియం కదులుతూనే ఉంటుంది, వేళ్ళు దాన్ని పీలుస్తాయి, గొర్రె ఆ గడ్డి మేస్తుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. మూడు వారాల నిషేధం ఎత్తేయలేదు సరికదా, పొడిగించారు. ఆఖరి ఆంక్షలు తొలగింది 2012లో. ఇరవై ఆరేళ్ళు.

నేల ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుందని అక్కడి కాపరులకు చిన్నప్పటి నుంచి తెలుసు. బెంటొనైట్ అనే బంకమట్టి పొడి చల్లి గొర్రెల్లో సీజియం తగ్గుతుందేమో చూడటానికి శాస్త్రవేత్తలు కంచెలు వేసి మందల్ని అందులో ఉంచారు. కొండల్లో తిరిగి మేసే గొర్రెను కంచెలో పెడితే చిక్కిపోతుంది, కొలత చెడుతుంది అని కాపరులు ముందే చెప్పారు. వినలేదు. తర్వాత ఆ ప్రయోగాన్ని మానేశారు. సామాజిక శాస్త్రవేత్త బ్రయన్ విన్ దీన్ని దగ్గరుండి అధ్యయనం చేసి రాశారు, ఈ రంగంలో పనిచేసేవాళ్ళు తప్పకుండా చదవాల్సింది. ఆ కాపరులు సైన్సు అర్థంకాక అపనమ్మకం పెంచుకోలేదు. శాస్త్రవేత్తల అంచనా తప్పడం, ఆ తప్పు ఒప్పుకోకపోవడం కళ్ళారా చూసి పెంచుకున్నారు.

చేయాల్సింది: ప్రయోగం రూపకల్పన దశలోనే, అంటే పద్ధతి ఇంకా మార్చే వీలున్నప్పుడే, ఆ నేల మీద బతికేవాళ్ళను కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగండి. "మా లెక్కలో మీకు పొసగనిది ఏది?" "ఏ అంకె మీ నిర్ణయాన్ని మారుస్తుంది?" వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ రాసి, ఎదురుగా ఏం మార్చారో, మార్చకపోతే ఎందుకో రాసి వాళ్ళకే తిరిగి ఇవ్వండి. అన్నీ ఖరారయ్యాక పెట్టే సమావేశం వినడం కిందికి రాదు, అది వచ్చినవాళ్ళకు ఒక చూపులో తెలిసిపోతుంది.

రెండోచూపు

పత్రిక సంపాదకత్వం వైపు నుంచి. ముందస్తు నమోదు గురించి, అంటే ఏం కొలుస్తామో ట్రయల్‌కు ముందే రాసి నమోదు చేయడం గురించి, ఎవరూ ఎత్తలేదు.

గుండె, రక్తనాళాల వ్యాధుల మీద అమెరికా జాతీయ సంస్థ డబ్బు పెట్టిన పెద్ద ట్రయల్స్ 55ను 2015లో ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. 2000కు ముందువి 30, అందులో 17 ట్రయల్స్‌లో మేలు కనిపించింది. తర్వాతవి 25, అందులో 2. ట్రయల్స్ నమోదుచేసే వెబ్‌సైట్ క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ మొదలైంది 2000లోనే. మార్పు మొత్తానికి నమోదే కారణమని ఆ లెక్క ఒక్కదానితో చెప్పలేం, అయినా ఏ ఫలితం కొలుస్తామో ముందే రాసిపెట్టాల్సి వచ్చాక గెలుపులు ఇంతగా తగ్గడం ఆలోచింపజేసేదే.

నమోదులో ఉండాల్సినవి: ఒకే ఒక ప్రాథమిక ఫలితం, దాన్ని ఏ పరికరంతో, ఎన్నో వారంలో కొలుస్తారు, ఎంతమంది, ఆ సంఖ్య ఎలా వచ్చింది, మధ్యలో ఆపే నియమం, ఎవరిని విశ్లేషణ నుంచి తప్పిస్తారు. మొదటి మనిషి చేరకముందే తేదీముద్ర పడాలి. ఇక్కడ జరిగే తప్పులు రెండు. "జీవన నాణ్యత మెరుగుదల" అని వదులుగా రాసి, తర్వాత ఆరు ప్రశ్నావళుల్లో బాగా వచ్చినదాన్ని ఎంచుకోవడం ఒకటి. మధ్యలో పద్ధతి మార్చి చెప్పకపోవడం రెండోది. మార్పు తప్పు కాదు, చాలాసార్లు అవసరం. పేపర్లో "అనుకున్నది, చేసింది, ఎందుకు మారింది" అని మూడు నిలువు వరుసల పట్టిక పెడితే చాలు.

కొలబద్ద

భౌతికశాస్త్రం నుంచి ఒక ఉదాహరణ. 2011 సెప్టెంబరులో ఒపేరా అనే ప్రయోగ బృందం, జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయం నుంచి 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలకు న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందు చేరాయని ప్రకటించింది. 2012 ఫిబ్రవరిలో కారణం దొరికింది: జీపీఎస్ సంకేతాన్ని ప్రధాన గడియారానికి తెచ్చే ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్ సరిగా బిగియలేదు. దాంతో సంకేతం ఆలస్యమై లెక్క తప్పింది. అదే గుహల్లోని ఐకారస్ ప్రయోగం కూడా న్యూట్రినోలు కాంతి వేగం దాటలేదని కొలిచింది.

ప్రకటించిన రోజు వాళ్ళు "ఐన్‌స్టీన్ తప్పు" అనలేదు. మాకు తప్పు దొరకలేదు, మీరు వెతకండి అన్నారు. అది మెచ్చుకోదగ్గదే. అయితే బృందంలోనే కొందరు ఇంకా పరీక్షించాలని అడ్డుచెప్పారు, తర్వాత నాయకులు పదవులు వదులుకున్నారు. నా ఉద్దేశంలో, అసాధారణ ఫలితానికి కేబుళ్ళు, గడియారాల జాబితా మొత్తాన్ని ఆ పరికరం బిగించని మనుషుల చేత విప్పించి మళ్ళీ బిగించి కొలిపించాకే ప్రపంచాన్ని పిలవాలి. బిగించినవాడి కళ్ళు తన బిగింపును చూడవు.

తేటనీరు

మరి తప్పు బయటికి వెళ్ళాక తేలితే? సవరణ ఎంత వేగంగా, ఏ రూపంలో?

రెండోచూపు

వేగం ఎంత ముఖ్యమో రెండు ఉదాహరణలు. ఎంఎంఆర్ టీకాను (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు ఇచ్చేది) ఆటిజంతో ముడిపెట్టిన 12 మంది పిల్లల పేపరు లాన్సెట్ అనే వైద్య పత్రికలో 1998లో వచ్చింది. దావాకు సిద్ధమవుతున్న లాయర్ల నుంచి ప్రధాన రచయితకు డబ్బు అందిన సంగతి పేపర్లో లేదు. 2004లో పదిమంది సహరచయితలు ఆ వ్యాఖ్యానం నుంచి తప్పుకున్నారు. పేపర్ని పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో. పన్నెండేళ్ళు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే, ఆ వ్యాఖ్యానం ఇప్పటికీ తిరుగుతోంది. అదే పత్రికలో 2020 మే 22న కోవిడ్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు వాడకం మీద 96 వేల మంది రోగుల డేటా అంటూ వచ్చిన పేపరు జూన్ 4న, పదమూడో రోజున, వెనక్కి వెళ్ళింది. వంద మందికి పైగా పరిశోధకులు బహిరంగ లేఖలో అంకెల్ని ప్రశ్నించారు, ఆ డేటా సమకూర్చిన సర్జిస్ఫియర్ అనే కంపెనీ మూల డేటాను స్వతంత్ర పరిశీలకులకు ఇవ్వలేదు. సవరణ వేగంగానే జరిగింది. కానీ మూల డేటా చూపించమని అడగాల్సింది ప్రచురణకు ముందు.

రూపానికి వస్తే, ఇది నమూనా:

"సవరణ, మార్చి 14, ఉదయం 10:40. మూడో పేరాలో 'అన్ని వయసులవారికీ పనిచేస్తుంది' అని రాశాం. అది తప్పు. ట్రయల్‌లో 18 నుంచి 65 ఏళ్ళవారే ఉన్నారు. పిల్లలకు, 65 దాటినవారికి ఈ ఫలితం వర్తిస్తుందో లేదో ఈ ట్రయల్ చెప్పదు. ఆ వాక్యం చూసి 65 దాటినవారికి మందు మొదలుపెట్టి ఉంటే వైద్యుడితో మాట్లాడండి. ఒక పాఠకురాలు గుర్తించి తెలియజేశారు. పాత వాక్యాన్ని కొట్టివేత గీతతో కింద ఉంచాం."

దీన్ని పేజీ పైన పెట్టాలి, అడుగున కాదు. పాత పేజీకి లింకు పంపిన ప్రతి చోటికీ ఇదీ వెళ్ళాలి. పాత వాక్యాన్ని చడీచప్పుడు లేకుండా మార్చేస్తే, దాని స్క్రీన్‌షాట్ ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది బయటికొచ్చిన రోజు మీరు సరిదిద్దినట్టు కాదు, దాచినట్టు కనిపిస్తుంది. 2035కల్లా హిమాలయ హిమానీనదాలు మాయమవుతాయని ఐపీసీసీ 2007 నివేదికలో పడిన తప్పును 2010 జనవరిలో ఒప్పుకున్నారు. ఆ తర్వాత బయటి సమీక్ష జరిపించుకుని, తప్పుల్ని అందుకోవడానికీ పరిశీలించడానికీ రాతపూర్వక విధానం పెట్టుకున్నారు. ఆ విధానం ముందే ఉంటే బాగుండేది. మీ సంస్థ వెబ్‌సైట్‌లో "తప్పు కనిపిస్తే ఇక్కడ రాయండి, ఇన్ని పనిదినాల్లో జవాబిస్తాం" అనే పెట్టె ఈరోజు ఉందో లేదో చూసుకోండి.

మట్టివాసన

జవాబిచ్చేది ఎవరో పేరుతో సహా ఉండాలి. "బృందం" అని సంతకం పెడితే ఎవరూ పట్టించుకోరు.

సందేహం_ఉంది

అయితే నిపుణుడు అసలు భరోసా ఇవ్వకూడదా? ప్రమాదం ఉండకపోవచ్చని నిజంగానే అనిపించినప్పుడు?

లెక్కలపుస్తకం

ఇటలీలోని లాక్విలా గుర్తుచేసుకోండి. 2009లో నెలల తరబడి చిన్న ప్రకంపనలు వస్తుంటే మార్చి 31న నిపుణుల సమావేశం పెట్టారు. పౌర రక్షణ శాఖ అధికారి ఒకరు, భూకంప శాస్త్రవేత్త కాదు, శక్తి విడుదలవుతోంది కాబట్టి ప్రమాదం లేదనే అర్థంలో టీవీకి చెప్పారు. ఏప్రిల్ 6న వచ్చిన భూకంపంలో 300 మందికి పైగా చనిపోయారు. 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకు, ఆ అధికారికి జైలుశిక్ష పడింది. 2014లో అప్పీలు కోర్టు శాస్త్రవేత్తల్ని నిర్దోషులంది, అధికారి శిక్ష తగ్గించింది.

చిన్న ప్రకంపనలు చాలావరకు పెద్ద భూకంపానికి దారితీయవు, నిజమే. కానీ అవి మొదలయ్యాక ఆ అవకాశం మామూలు రోజుల కంటే ఎక్కువ, అసలు అంకె చిన్నదే అయినా. ఈ రెండు వాక్యాలూ కలిపి చెప్పి, పాత రాతి ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఏం చేయాలో మూడో వాక్యంలో చెప్పాలి. భరోసా ఇవ్వదలిస్తే ముప్పు గురించి కాదు, మీ పని గురించి ఇవ్వండి: ఏం కొలుస్తున్నారు, ఏ అంకె దాటితే హెచ్చరిస్తారు, ఎవరి నోట. మాట్లాడే మనిషిని సమావేశానికి ముందే ఖరారు చేసుకుని, సమావేశం అయ్యేదాకా ఎవరూ మైకు ముందుకు వెళ్ళకూడదు.

తేటనీరు

డేటా బహిరంగంగా పెట్టే విషయంలో ఒక్క మాట చేరుస్తాను. చాలామంది ఫైలు పెట్టి పని అయిపోయిందనుకుంటారు. నిలువు వరుసల పేర్లు "వి1, వి2" అని ఉండి, వివరణ పత్రం లేకపోతే ఎవరికీ ఉపయోగం లేదు. ప్రతి వరుసకు అర్థం, కొలమానం, ఖాళీ గడికి సంకేతం, ఎవరిని ఎందుకు తీసేశారో రాసి, పేపర్లోని పట్టికల్ని తిరిగి పుట్టించే కోడ్‌ను వేరే కంప్యూటర్లో ఒకసారి నడిపి చూడాలి. రోగుల డేటా అయితే వయసు, ప్రాంతం, అరుదైన వ్యాధి మూడూ కలిస్తే మనిషి దొరికిపోతాడు. అక్కడ బహిరంగం బదులు అనుమతితో చూసే ఏర్పాటు చేసి, ఆ సంగతి పేపర్లోనే చెప్పాలి.

పై జవాబుల్ని బట్టి ఒక ఊహాజనిత టీకా ప్రకటన ముసాయిదా రాశాను, చూడండి:

"4,000 మందిపై జరిగిన ట్రయల్‌లో టీకా వేసుకున్న 2,000 మందిలో 8 మందికి, వేసుకోని 2,000 మందిలో 40 మందికి ఆరు నెలల్లో జబ్బు వచ్చింది. టీకా వేసిన 2,000 మందిలో తీవ్ర దుష్ప్రభావం కనిపించలేదు. ఇంతకంటే అరుదైనవి వాడకంలోకి వచ్చాక నిఘాలో తెలుస్తాయి. ఆరు నెలల తర్వాత రక్షణ ఎంత ఉంటుందో ఇంకా తెలియదు. తదుపరి ఫలితం డిసెంబరులో ప్రకటిస్తాం."

లెక్కలపుస్తకం

బాగుంది. రెండు దిద్దుబాట్లు. "ఇంతకంటే అరుదైనవి" అంటే దేనికంటే? 3ను 2,000తో భాగిస్తే సుమారు 670లో ఒకటి, ఆ అంకె రాయండి. దుష్ప్రభావం లెక్కకు టీకా వేసిన 2,000 మందినే తీసుకోవడం సరైనదే, 4,000 అని రాసి ఉంటే తప్పయ్యేది. రెండోది, "వేసుకోని" అన్నారు. వాళ్ళకు ఉత్తుత్తి సూది వేశారా, ఏమీ వేయలేదా? ఏమీ వేయకపోతే ఎవరు ఏ గుంపులో ఉన్నారో అందరికీ తెలుసు, అది జబ్బు చెప్పుకునే తీరును మారుస్తుంది. ఆ వాక్యం తప్పనిసరి.

వాడుకమాట

"తదుపరి ఫలితం డిసెంబరులో" కింద, ఫలితం బాగా రాకపోయినా ప్రకటిస్తామని కూడా రాయండి. ట్రయల్‌కు డబ్బు పెట్టింది ఎవరో మొదటి పేరాలోనే వేయండి, విలేకరి అడిగేదాకా ఆగొద్దు.